నూట ఒకటి దగ్గర ఆగిన ముల్లు

సోమవారం ఉదయం ఆరున్నర అయ్యేసరికి ఆ ఇంట్లో అందరూ బాత్‌రూమ్ గుమ్మం ముందు హాజరు కావాల్సిందే. అది అక్క పెట్టిన రూలు. ముప్పై ఏళ్లు ఓ హాస్టల్లో మూడొందల మంది పిల్లలకి వండి పెట్టి రిటైరైన మనిషి ఆవిడ. మూడొందల మందిని లైన్లో నిలబెట్టిన చేతికి ముగ్గుర్ని నిలబెట్టడం ఒక పనా? తమ్ముడు బనీనుతో, మరదలు చేతిలో దువ్వెనతో, పదేళ్ల మేనకోడలు నోట్లో బ్రష్షుతో వచ్చి నిలబడ్డారు. ఆ పిల్లని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. ఎందుకంటారో పది నిమిషాలు దానితో కూర్చుంటే తెలుస్తుంది.

"ఎక్కరా బుజ్జీ," అంది అక్క, కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుంటూ.

నలభై మూడేళ్ల బుజ్జి బుద్ధిగా బరువు మిషన్ ఎక్కాడు. అక్క వంగి చూసింది. ముల్లు అటూ ఇటూ ఊగింది, కాసేపు తొంభై తొమ్మిది మీద ఆశ పెట్టింది, చివరికి నూట ఒకటి దగ్గర స్థిరపడింది.

"మళ్ళీ నూట ఒకటే!"

వరసగా ఏడో సోమవారం అది. "ఇక్కడ నేల ఎత్తుపల్లాలుగా ఉంది," అని అక్క మిషన్‌ని తీసుకెళ్ళి హాల్లో పెట్టింది. నూట ఒకటి. వంటగదిలో పెట్టింది. నూట ఒకటి. మిషనే పాడైందేమో చూద్దామని పిడుగుని ఎక్కించింది.

"మిషన్ బాగానే ఉందత్తా. నేను ముప్పై ఒకటి. నేను పెరిగానుగా, నాకు మార్కులెయ్యి," అంది పిడుగు నోటి నిండా నురగతో.

తమ్ముడు నవ్వబోయి, అక్క మొహం చూసి ఆపుకున్నాడు.

పధ్నాలుగు నెలల కిందట అతని బరువు నూట నలభై ఆరు కిలోలు. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, పడుకుంటే ఊపిరాడక మొహానికి తగిలించుకునే మిషను, ఇన్నిటితో బతుకు ఈడుస్తుంటే పొట్ట సైజు తగ్గించే ఆపరేషన్ చేశారు. ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు ఇంట్లోవాళ్లందర్నీ కూర్చోబెట్టి అరగంట మాట్లాడారు. ఆ అరగంటలో అక్క చెవిన పడి, అక్కడే గూడు కట్టుకున్న మాట ఒక్కటే. సగం! నూట నలభై ఆరులో సగం డెబ్బై మూడు. ఆ రోజు సాయంత్రమే వీధి వీధంతా టముకు వేసి వచ్చింది. "మా వాడు డెబ్బై మూడు కిలోలకి దిగుతాడు. మీరెవరూ గుర్తుపట్టలేరు."

మొదటి ఆర్నెల్లు ఆవిడ గర్వానికి పట్టపగ్గాల్లేవు. నెలకి ఐదారు కిలోలు మంచు కరిగినట్టు కరిగాయి. తర్వాత నెలకి రెండయింది, ఒకటయింది. ఇప్పుడు ముల్లు మొండికేసింది. డెబ్బై మూడుకి ఇంకా ఇరవై ఎనిమిది కిలోలు బాకీ. ఎదురింటి టైలరమ్మ కనిపించినప్పుడల్లా "ఏమ్మా, మీ తమ్ముడు ఇంకా చిక్కుతాడా, ఇంతేనా?" అని అడుగుతుంటే అక్కకి ఒళ్లు మండేది.

ఆవిడకి తెలిసిన వైద్యం ఒక్కటే. కంచంలో తగ్గించడం. రెండు గుడ్లకి ఒకటి, గిన్నెడు పెరుగుకి అరగిన్నె, చేపముక్కకి సూపు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన ఆహారం కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించే ఉంది గానీ, దాన్ని ఆవిడ తన పద్ధతిలో సవరించుకుంది. తమ్ముడు ఏం పెడితే అది తిన్నాడు. చిన్నప్పట్నుంచీ అక్క పెట్టిందానికి వంక పెట్టడం అతనికి రాదు.

అయినా ముల్లు కదలదేం?

"దొంగతిండి!" అక్కకి ఓ బుధవారం పొద్దున పాలు కాస్తుండగా జ్ఞానోదయమైంది. ఫ్రిజ్‌లో నిన్న పన్నెండు గుడ్లున్నాయి. ఇవాళ పది. తను వాడలేదు. తమ్ముడు ఫ్రిజ్ జోలికి పోడు. ఇక మిగిలిందెవరు? మరదలు మంచిదే, పల్లెత్తు మాట అనదు. కానీ మొగుడంటే ప్రాణం. చాటుగా పెడుతోందేమో!

పిడుగుని పక్కకి పిలిచింది. "నీకో కథల పుస్తకం కొనిపెడతాను. మీ అమ్మ పొద్దున్నే బ్యాగులో ఏం సర్దుతోందో చూసి చెప్పు."

"ఒకటి కాదు, రెండు పుస్తకాలు."

"సరే, రెండు."

"నీలం మూత డబ్బా. చూడక్కర్లేదు, ఎప్పట్నుంచో తెలుసు," అంది పిడుగు చేయి చాపుతూ.

మర్నాడు మధ్యాహ్నం అక్క చెప్పులేసుకుని బయల్దేరింది. తమ్ముడు లిఫ్ట్ మెకానిక్. ఆ వారం పన్నెండంతస్తుల ఆఫీసు భవనంలో పని. అక్కడికి రెండే బస్ స్టాపులు. మరదలు పనిచేసే షాపు దాని పక్క వీధిలోనే. గేటు దగ్గర అడిగితే, పని రెండో అంతస్తులో జరుగుతోందన్నారు. అక్క మెట్లెక్కి మలుపు తిరిగి, అక్కడే ఆగిపోయింది.

లిఫ్ట్ తలుపులు తెరిచి, ముందు 'మరమ్మతు జరుగుతోంది' అని బోర్డు పెట్టి ఉంది. ఆ పక్కన మెట్టు మీద మరదలు కూర్చుని ఉంది. ఒళ్లో నీలం మూత డబ్బా. మూత తీసే ఉంది.

"దొరికావా!" అక్క గొంతు పన్నెండంతస్తులూ ఎక్కి దిగింది. "అందుకా ఆ ముల్లు కదలంది! నేనక్కడ గ్రాముల లెక్కన కొలిచి పెడుతుంటే, నువ్విక్కడ డబ్బాలు మోస్తున్నావా? నీకు వాడు బాగుపడటం ఇష్టం లేదా అమ్మాయ్?"

మరదలు ఉలిక్కిపడి లేచింది. ఆఫీసు గదుల్లోంచి ఇద్దరు ముగ్గురు తొంగిచూశారు. మామూలుగా అయితే ఆమె తలొంచుకునేదే. ఆ రోజు ఎందుకో తలెత్తింది.

"చూడండి వదినా. డబ్బాలో ఏముందో చూసి మాట్లాడండి."

రెండు ఉడికించిన గుడ్లు, నాలుగు కోడిమాంసం ముక్కలు, చిన్న గిన్నెలో పెరుగు. అంతే.

"స్వీట్లున్నాయా? వేపుళ్లున్నాయా? ఫ్రిజ్ మీద కాగితంలో రాసిందే తెచ్చాను. మీరు కోసేసిన సగం నేను ఇక్కడికి తెచ్చి పెడుతున్నాను. పోయిన నెల ఆయన లిఫ్ట్ మీద పనిచేస్తూ కళ్లు తిరిగి కూలబడ్డారు, తెలుసా మీకు? పట్టుకోవడానికి పక్కన మనిషి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టొస్తోంది. మీకు చెప్పొద్దన్నారు. అక్క బాధపడుతుందన్నారు. మీరు బాధపడకూడదు, ఆయన పడిపోవచ్చు. ఇదేం న్యాయం వదినా?"

పెళ్లయిన పదిహేనేళ్లలో మరదలు అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అక్క ఎప్పుడూ వినలేదు.

"అంటే... నేను నా చేత్తో వాణ్ణి మాడ్చి చంపుతున్నానంటావా?"

"అలా అనలేదు—"

"ఇద్దరూ ఆగుతారా!" అని పైనుంచి గొంతు వినిపించింది.

ఇద్దరూ లిఫ్ట్‌లోకి తొంగిచూశారు. పెట్టె పైకప్పులో ఉండే చిన్న తలుపు తెరుచుకుని ఉంది. అందులోంచి ముందు రెండు బూట్లు కిందికి దిగాయి, తర్వాత మోకాళ్లు, నడుము. నడుము దగ్గర ఒక్క క్షణం ఆగి, కాస్త పక్కకి తిరిగి, భుజాలతో సహా తమ్ముడు మొత్తం నిచ్చెన మీదికి దిగాడు. చేతులకి గ్రీజు, చెంప మీద నల్లటి మరక.

అక్క కోపం మాట మర్చిపోయింది. ఆ సందు ఆవిడకి తెలుసు. ఆరేళ్ల పాటు ఆ సందులో పట్టక, కింద నిలబడి కుర్రవాళ్లకి పానాలు అందించే పని చేశాడు వాడు. ఇంటికొచ్చి ఏమీ చెప్పకుండా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. వాడు ఆపరేషన్‌కి ఒప్పుకున్నది కూడా ఆ సందు కోసమే.

"ఎప్పట్నుంచిరా, దాంట్లోంచి వెళ్తున్నావు?"

"నాలుగు నెలలైంది."

"నాకు చెప్పలేదేం?"

తమ్ముడు చేతులు తుడుచుకుంటూ నసిగాడు. "చెబుదామనే అనుకున్నాను. ఆ సోమవారం పొద్దున ముల్లు నూట నాలుగు దగ్గర ఆగింది. నీ మొహం చూసి, ఇంకోసారి చెబుదాంలే అనుకున్నాను."

అక్క అక్కడే మెట్టు మీద కూలబడింది. మరదలు కాసేపు చూసి, వచ్చి పక్కన కూర్చుని మంచినీళ్ల సీసా చేతికిచ్చింది. తమ్ముడు ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని డబ్బా ముందు పెట్టుకున్నాడు. అది చూసి మరదలికి నవ్వొచ్చింది. ఒకప్పుడు నేల మీద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాల్సొచ్చేది.

"శనివారం ఆస్పత్రికెళ్లాలి. ఈసారి నువ్వు కూడా రా. నీ అనుమానాలన్నీ అక్కడే అడిగేద్దువుగాని," అన్నాడు గుడ్డు నములుతూ.

శనివారం ముగ్గురూ ఆస్పత్రికి వెళ్లారు. ఆహార నిపుణురాలు ముప్పై దాటని అమ్మాయి. నవ్విందంటే బయట వరండాలో కూర్చున్నవాళ్లకి కూడా వినిపిస్తుంది. రిపోర్టులు ముందు పెట్టుకుని ఒక్కోటి తిప్పుతోంది. షుగరు మాత్రలు ఆపేసి ఎనిమిది నెలలు. బీపీ మాత్ర సగానికి తగ్గింది. పడుకునేటప్పుడు పెట్టుకునే ఊపిరి మిషను అక్కర్లేదు. ఒక్క ప్రొటీన్ దగ్గర మాత్రం ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఇది తగ్గిందే. సరిగ్గా తినడం లేదా?"

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. అక్క గొంతు సవరించుకుంది.

"నేనే తగ్గించానమ్మా. మరి డెబ్బై మూడుకి దిగాలి కదా. సగానికి దిగుతాడని డాక్టరుగారే చెప్పారు."

"సగమా?" అమ్మాయి ఫైల్లో వెనక పేజీ తీసి చదివింది. "'అదనపు బరువులో సగానికి పైగా తగ్గే అవకాశం' అని ఉంది. మొత్తం బరువులో సగం కాదమ్మా."

"అదనపు అంటే?"

"ఆయన ఎత్తుకి ఉండాల్సింది దగ్గర దగ్గర డెబ్బై నాలుగు అనుకుందాం. నూట నలభై ఆరులోంచి అది తీసేస్తే డెబ్బై రెండు. ఆ డెబ్బై రెండే అదనం. అందులో ఎక్కువమందికి సగం నుంచి డెబ్బై శాతం దాకా తగ్గుతుంది. ఈయన నలభై ఐదు కిలోలు తగ్గారు. లెక్కెయ్యండి."

అక్క వేళ్లు ముడుస్తూ తెరుస్తూ లెక్క వేసింది. మూడొందల మందికి సరుకులు కొలిచిన వేళ్లు అవి, లెక్క తప్పవు. డెబ్బై రెండులో సగం ముప్పై ఆరు. వీడు దాన్ని ఎప్పుడో దాటేశాడు.

"అంటే వీడు... పాసయ్యాడా?"

అమ్మాయి నవ్వు వరండా దాకా వెళ్ళింది. "ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. ఏడాది, ఏడాదిన్నర తర్వాత ముల్లు అందరికీ ఆగుతుంది. ఒళ్లు అక్కడ సర్దుకుంటుంది. ఇంకో రెండు మూడు తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. ముందు ముందు నాలుగైదు కిలోలు వెనక్కి రావొచ్చు కూడా. వస్తే కంగారు పడి తిండి మాన్పించకండి, ఇక్కడికి రండి. సన్నగా తీగలా అయిపోవడానికి కాదమ్మా ఈ ఆపరేషను. ఆయన బతుకు ఆయన హాయిగా బతకడానికి."

అక్క బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండిపోయింది. చూస్తుండగానే కళ్లలోంచి నీళ్లు టపటపా రాలాయి.

"అక్కా! పాసయ్యానంటే ఏడుస్తావేంటే?"

"నీకు తెలీదురా. అమ్మ పోయినప్పుడు నీకు మూడేళ్లు, నాకు పదహారు. నువ్వు గుక్కపట్టి ఏడుస్తుంటే ఎలా ఊరుకోబెట్టాలో నాకు తెలీదు. నోట్లో ముద్ద పెడితే ఏడుపు ఆపేవాడివి. పడ్డా ముద్దే, జ్వరమొచ్చినా ముద్దే, పరీక్ష తప్పినా ముద్దే. నాకు తెలిసిన మందు అదొక్కటే. బళ్లో పిల్లలు నిన్ను ఏడిపిస్తే ఇంటికొచ్చేవాడివి, దానికీ ముద్దే పెట్టాను. ఇంత బరువూ నేను పెట్టిందే. నేనే మొత్తం దింపెయ్యాలనుకున్నాను. ఒక్క కిలో మిగిలినా అది నా తప్పే కదా..."

మరదలు చేయి చాపి అక్క మోచేతిని పట్టుకుంది. ఆమె మొహంలో మొన్నటి కోపం ఆనవాలు కూడా లేదు.

"ఎవరి ఒళ్లూ ఒక్క కారణంతో పెరగదమ్మా. వంశం ఉంటుంది, ఒంటి తీరు ఉంటుంది, నిద్ర ఉంటుంది..." అంటోంది అమ్మాయి.

తమ్ముడు మధ్యలో అందుకున్నాడు. "డ్యూటీలో గంటకో బిస్కెట్ ప్యాకెట్ లాగించింది నేనే. అందులో నీకు వాటా లేదు, ఊరికే నీ ఖాతాలో వేసుకోకు. నాకు గుర్తున్నది వేరు. నువ్వు ముద్ద పెట్టేటప్పుడు ఓ పాట పాడేదానివి. ఘోరంగా పాడేదానివి. అది ఆపించడానికే గబగబా మింగేవాణ్ణి."

అక్క ఏడుస్తూనే అతని భుజం మీద ఒక్కటిచ్చింది. ఇచ్చిన చేయి అక్కడే కాసేపు ఆగింది. చేతికి ఎముక తగిలింది. తమ్ముడి భుజంలో ఎముక ఉందని ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడే తెలిసినట్టు, ఆవిడ దాన్ని మళ్ళీ మళ్ళీ తడిమి చూసింది.

"మూడో అంతస్తులో కొత్తవాళ్ల మీటింగుంది," అంది అమ్మాయి ఫైలు మూస్తూ. "ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లూ, ఇంట్లోవాళ్లూ వస్తారు. మీరొచ్చి ఒక్క రెండు ముక్కలు చెప్పకూడదూ? నేను చెబితే పాఠంలా ఉంటుంది."

"వీడు చెబుతాడులే," అంది అక్క.

"ఆయన కాదమ్మా, మీరు. ఇంట్లోవాళ్ల ఆశలతోనే నాకు ఎక్కువ పని."

లిఫ్ట్ ముందు జనం బారులు తీరి ఉన్నారు. తమ్ముడు తిన్నగా మెట్ల వైపు నడిచాడు. అక్క బ్యాగు కూడా తనే తీసుకున్నాడు. రెండో అంతస్తు మలుపులో నిలబడి వెనక్కి చూసి, "త్వరగా రావే అక్కా, మీటింగ్ అయిపోతుంది," అన్నాడు. అక్క కమ్మీ పట్టుకుని రొప్పుతూ, "లిఫ్ట్ మెకానిక్కు తోడొస్తే మెట్లెక్కించాడని చెప్పుకుంటాను," అంది. మరదలు వెనకనుంచి నడుం మీద చేయి వేసి నెట్టింది. ముగ్గురూ అలా నవ్వుకుంటూనే హాల్లోకి అడుగుపెట్టారు.

పాతికమంది దాకా ఉన్నారు అక్కడ. ఆహార నిపుణురాలు వేదిక పక్కనే నిలబడి ఉంది. అక్క మాట్లాడటానికి వేదిక ఎక్కింది. హాస్టల్లో మెతుకు పారేసిన పిల్లల్ని కసిరినంత తేలిక కాదు ఇది. తనకి తెలిసింది తెలిసినట్టు చెప్పింది. సగం అని విన్నదీ, వీధంతా చాటిందీ, కంచంలో కోత పెట్టిందీ, మరదల్ని దొంగని చేసిందీ, ఏదీ దాచలేదు. మధ్యమధ్యలో జనం నవ్వారు. మరదలు సిగ్గుపడి బోర్డు మీది అక్షరాలు చదువుతున్నట్టు నటించింది.

రెండో వరసలో ఒకావిడ చేయెత్తింది. ఆవిడ పక్కన ఇరవయ్యేళ్ల కూతురు తల దించుకుని, కుర్చీలో ఒళ్లు కుదించుకుని కూర్చుని ఉంది.

"మీ తమ్ముడుగారు ఎవరండీ?"

"అదిగో, వాడే." అక్క చూపించింది.

ఆవిడ తమ్ముణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. "ఈయనా? ఇంకా లావుగానే ఉన్నారే!"

మరదలు చటుక్కున తల తిప్పింది. పది రోజుల కిందటైతే ఆ మాటకి అక్క సిగ్గుతో చితికిపోయేది. ఇప్పుడు మాత్రం నడుం మీద చేయి పెట్టుకుని హాయిగా నవ్వింది.

"అవునమ్మా, లావే. నూటొక్క కిలోలు. నా బ్యాగు మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కొచ్చాడు, చూడు, చెమట కూడా పట్టలేదు. నేనే ఇంకా రొప్పుతున్నాను. పొద్దున్నే కూతురితో పందెం వేసుకుని వీధి చివరి దాకా పరిగెడతాడు, అది తొండి చేస్తే వీడూ తొండి చేస్తాడు. నెలల తరబడి ఇవన్నీ నా కళ్లముందే జరిగాయి. నేనేమో వంగి ముల్లు చూసుకుంటూ కూర్చున్నాను."

తమ్ముడు తల వంచుకున్నాడు. ముందు నవ్వుతున్నాడనుకుంది అక్క. తర్వాత చొక్కా చేత్తో కళ్లు తుడుచుకోవడం కనిపించింది. ఆవిడ గబుక్కున చూపు మళ్ళించుకుంది, లేకపోతే తనూ అక్కడే మొదలుపెట్టేది.

"మరి మా అమ్మాయి ఎంతకి దిగుతుందంటారు?" రెండో వరసావిడ వదల్లేదు. "అరవై అయినా అవుతుందా?"

"ఆ లెక్క ఈ ఆస్పత్రి అమ్మాయి చెబుతుంది, కాగితం మీద రాయించుకో. నాలా చెవులతో విని వెళ్లకు. కానీ ముందు ఒక్కటి అడుగు. ఒళ్లు తేలికపడితే మొట్టమొదట ఏం చేయాలనుందో మీ పిల్లని ఎప్పుడైనా అడిగావా?"

ఆవిడ తెల్లమొహం వేసి కూతురి వైపు తిరిగింది. ఆ పిల్ల మెల్లగా తలెత్తింది. అంతమంది తనవైపే చూస్తున్నారు. అయినా తల దించుకోలేదు.

"సైకిల్ తొక్కాలి," అంది. "మా ఇంటి దగ్గర్నుంచి కాలేజీ దాకా. ఒక్కదాన్నే."

"సైకిలా?" అంది తల్లి. "నాకు... నాకు ఎప్పుడూ చెప్పలేదేమే?"

పిల్ల కళ్లు నిండాయి, పెదవులు మాత్రం నవ్వాయి. తల్లి కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏ రంగు సైకిలో అడగడం మొదలుపెట్టింది. అక్క వేదిక దిగి వచ్చి, ఎవరూ పిలవకుండానే వాళ్ల పక్క కుర్చీలో కూర్చుంది. ఆపరేషన్ తర్వాత గుడ్లు ఎన్ని తినాలో, ఇవాళ రాయించుకున్న కాగితం చూసి చెప్పడానికి బ్యాగులో కళ్లద్దాల కోసం వెతకసాగింది.

"మీ అక్కగారు ఇప్పట్లో ఇంటికి రారు," అంది మరదలు మొగుడి చెవిలో.

"రాదు," అన్నాడు అతను, మొహమంతా నవ్వుతో. "పద, మనం కిందికెళ్లి ఏదైనా తిందాం. నిజంగానే ఆకలేస్తోంది."